మా ఊరి కప్పకు రెండు చెవులు

మా ఊళ్ళో తాళాన్ని కప్ప అంటారు. తాళంకప్ప అని పూర్తిగా పలికే ఓపిక మా వాళ్ళకు లేదు. ఆ కప్పను తెరిచేదాన్ని చెవి అంటారు. అది కూడా తాళంచెవే, ముందు సగం ఎప్పుడో రాలిపోయింది. "కప్పేసి సెవి ఇటు తే" అని అమ్మ రోజూ నాతో అంటుంది. ఇందులో రాయదగ్గ విశేషం ఏమీ లేదు. కానీ ఈ ఒక్క మాట వల్ల వానాకాలంలో మా కాలనీ ఇళ్ళకు పైకప్పు పడలేదు, మా అప్ప ప్రసవం ప్రభుత్వ విజయాల్లో చేరింది. అప్ప అంటే అక్క. అందుకని మొదటి నుంచి రాస్తున్నాను.

మా ఊరు గెడ్డవలస. గెడ్డ అంటే వాగు. నిరుటి తుఫానుకు గెడ్డ పొంగి ఒడ్డున ఉన్న గుడిసెలన్నిటినీ తీసుకుపోయింది. ప్రభుత్వం వారు ఊరి పక్క మెరక మీద మాకు ఇళ్ళు మంజూరు చేశారు. గోడలు లేచాయి. స్లాబు వేసే ముందు తలుపు బిగించి, ఆ తలుపు ముందు ఇంటావిడ నిలబడి ఫొటో తీయించుకోవాలని నిబంధన వచ్చింది. తలుపు లేని ఇంటిని ప్రభుత్వం ఇల్లుగా గుర్తించదట. పైకప్పు లేని ఇంటిని గుర్తిస్తుందట. సరేనని అందరం తలుపులు బిగించాం. తలుపు అన్నాక కప్ప ఉండాలి కదా, సంతకు వెళ్ళి ఒకరిద్దరు తప్ప అందరం తలా ఒక కప్ప కొన్నాం. పిల్లులు, కోళ్ళు గోడ మీంచి దూకి లోపలికి వెళ్ళేవి. మేము మాత్రం చెవి తిప్పి మర్యాదగా గుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళం. ఒక మూల టార్పాలిన్ కట్టుకుని అందులోనే కాపురం.

మా అప్ప వేణికి తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అది అందరికీ తెలిసిందే. కానీ పుట్టింటికి కప్పు ఉండాలి. అప్ప అత్తగారు పారమ్మ గారు ఒకసారి వచ్చి చూసి వెళ్ళి, ఫోనులో అమ్మకు తేల్చి చెప్పేశారు.

"వదినా, మీ గోడల మీద కాకులు కూకున్నాయి. నా కోడల్ని కాకులకి అప్పగిత్తానేటి? కప్పు పడ్డాక కబురెట్టు, పంపుతాను. పడకపోతే పురుడు ఇక్కడే. ఆనక నలుగురూ ఏటన్నా నాను జవాబుదారీ కాదు."

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. కూతురికి పురుడు పోయలేని ఇల్లు ఇల్లు కాదని అమ్మ లెక్క. నాన్న ఇనుప చువ్వలు కట్టించాడు. మేస్త్రీని ఖాయం చేశాడు. వానలు పడేలోపు స్లాబు పడిపోతుందనుకున్నాం. అప్పుడు జీపు వచ్చింది.

జీపులోంచి దిగినాయన హోదా గృహనిర్మాణ ఉభయచర సమన్వయాధికారి. మా ఊళ్ళో ఆ మాట ఎవరికీ నోరు తిరగక సమన్వయం బాబు అన్నారు. ఆయన బడి ఆవరణలో మైకు పెట్టించి మాట్లాడారు.

"ప్రియమైన లబ్ధిదారులారా! ఈ ప్రాంతమందు అంతరించు దశలో ఉన్నట్టి చిటికె కప్ప అను ఉభయచర జీవి నివసించుచున్నట్లు నిపుణుల కమిటీ గుర్తించియున్నది. అభివృద్ధి, పర్యావరణము ప్రభుత్వమునకు రెండు కళ్ళు. ఏ కంటిని మూయుటకును వీలులేదు."

చిటికె కప్ప మాకు తెలియనిది కాదు. మెరక దిగువన పల్లంలో ఉంటుంది. బొటనవేలంత ప్రాణి, వీపు మీద పసుపు గీత. తొలకరి పడగానే ఎవరో చీకట్లో చిటికెలు వేస్తున్నట్టు అరుస్తుంది. దానితో మాకు గొడవ లేదు. అది పల్లంలో ఉంటుంది, మేము మెరక మీద ఉంటాం. అది మెరక ఎక్కగా ఎవరూ చూడలేదు.

"ఈ కప్ప వాన నేరుగా పడు చోటనే జీవించును," అన్నారు సమన్వయం బాబు. "కావున కప్ప ఉన్న ఇంటికి కప్పు వేయరాదు. కప్ప లేని ఇంటికి యథావిధిగా వేసుకొనవచ్చును. దీనినే సమతుల్యత అందురు. త్వరలో ఇంటింటి సర్వే జరుగును."

మా పక్కింటి సూరమ్మ మామ్మ నా చెయ్యి గిల్లింది. "ఓపాలి కప్పంతాడు, ఓపాలి కప్పూ అంతాడు. ఏటే గుంటా ఆయన బాధ?"

సర్వే రోజున మగవాళ్ళు, మీటింగు విన్నవాళ్ళు చాలామంది పనుల్లో ఉన్నారు. ఇళ్ళ దగ్గర ఉన్నది మీటింగు సమయంలో ఉపాధి పనికి వెళ్ళిన ఆడవాళ్ళు. అమ్మ కూడా అంతే. సర్వేకు వచ్చిన అబ్బాయి పట్నం మనిషి, మంచివాడే. చేతిలో ట్యాబ్, కాలికి నల్లటి బూట్లు. తలుపు మీద వేలితో తట్టి అడిగాడు.

"మీ ఇంటికి కప్ప ఉందామ్మా?"

ఇంట్లో కప్ప ఉందా అని అడిగి ఉంటే అమ్మ మంచం కింద చూసేది. ఇంటికి కప్ప ఉందా అని, అదీ తలుపు తట్టి అడిగాడు. తలుపు ఫొటో తీసుకున్న వాళ్ళే మళ్ళీ వచ్చారని, లేదంటే స్లాబు ఆపేస్తారని అమ్మ అనుకుంది. మీటింగు విన్నా, అతను తలుపు తట్టి అడగడంతో నేనూ అలాగే అనుకున్నాను. కొత్తవాళ్ళ ముందు నేను మాట్లాడను కాబట్టి తలుపు చాటున నిలబడి వింటున్నాను.

"ఎందుకు నేదు బాబూ! తలుపెట్టిన్నాడే తెచ్చినాం," అంది అమ్మ గర్వంగా.

"ఏ రంగు?"

"ఇత్తడి."

ఆ అబ్బాయి కళ్ళు మెరిశాయి. "ఇత్తడి రంగు! సైజు?"

"నా పిడికిలంత. సిన్నయి తేలిగ్గా ఇరిగిపోతాయి బాబూ."

"ఎక్కడ ఉంటుంది?"

"పగలు మేం పనికెల్తే బయట ఏలాడతాది. రాత్రికి లోపలికి తెచ్చుకుంతాం."

"అరుస్తుందా? అంటే, ఏదైనా శబ్దం..."

"టక్కుమంతాది."

"టక్కుమని! చిటికె వేసినట్టా?"

"అదే, అదే. అలాగన్నాకే మాకు నిద్ర."

"వానాకాలంలో ఎలా ఉంటుంది?"

"వానాకాలం బిగుసుకుపోతాది బాబూ. నోట్లో రెండు సుక్కలు కొబ్బరినూనేత్తే మల్లీ ఆడతాది."

అతను రాయడం ఆపి అమ్మ వైపు చూశాడు. మూగజీవాన్ని ఇంత ప్రేమగా చూసుకునే మనిషిని చూస్తున్నట్టు చూశాడు. అమ్మ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"సెవులు కూడా బద్రంగా ఉన్నాయి బాబూ. ఓటి నా కొంగుకి, ఓటి మా ఆయన మొలతాడుకి."

"చెవులా?"

"రెండొత్తాయి గదా. దానికే వదిలేత్తే దొంగోడు ఊరుకుంతాడేటి?"

అతని చూపు అమ్మ కొంగు ముడి మీద పడింది. ముడి విప్పి చూపించబోతే వద్దని రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మంచినీళ్ళు అడిగి తాగి, పక్కింటికి వెళ్ళాడు. అక్కడ సూరమ్మ మామ్మకు కప్ప లేదు. మీటింగు విన్నా ఏమీ అర్థం కాక, స్లాబు పోతుందేమోనన్న భయంతో ఉందని చెప్పింది. చూపించమంటే, కొడుకు పట్టుకుపోయాడని, వాడు ఎక్కడికి వెళ్ళినా దాన్ని సైకిలుకు బిగించుకునే వెళ్తాడని చెప్పింది.

వారం తిరక్కుండా మా ఊరికి అభినందనలు వచ్చాయి. ఇంటికో కప్ప ఉన్న ఊరు మరెక్కడా లేదట. నిపుణుల కమిటీ మా కప్పల్లో మూడు రకాలను గుర్తించింది: ఇత్తడి కప్ప, ఇనుప కప్ప, తుప్పు కప్ప. తుప్పు కప్ప మరీ అరుదట, దానికి ప్రత్యేక రక్షణ కావాలట. అది గోపాలస్వామి గారి మేకల దొడ్డిది.

అభినందనలతో పాటు ప్రతి తలుపుకూ నోటీసు అంటించారు. ఈ గృహము కప్ప ఆవాసమని తేలినందున స్లాబు గాని, రేకు గాని, గడ్డి గాని, టార్పాలిన్ గాని వేయరాదు, వేసియున్నచో తీసివేయవలెను. మా తలుపుకు ఇంకో నోటీసు అదనంగా వచ్చింది. మూగజీవి చెవులు కోసి కొంగునను, మొలతాడునను ఆభరణములుగా ధరించినందులకు సంజాయిషీ ఇచ్చుకొనవలెను. నేను చదివి వినిపించాను. అమ్మ కొంగు ముడి విప్పి చెవిని చూసింది, మళ్ళీ నోటీసును చూసింది.

"వోలమ్మో," అని గుమ్మంలో కూలబడింది. "ఆ బాబు అడిగింది బెకబెకమనే కప్పా!"

టార్పాలిన్ తీసేసి వాళ్ళే పట్టుకుపోయారు. ఆ సాయంత్రం పారమ్మ గారి ఫోను. కప్పు పడిందా అని. పడబోతోందని చెప్పింది అమ్మ.

మా గోడు వినడానికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. వెడల్పాటి బల్ల వెనక సమన్వయం బాబు, పక్కన రాసుకునే గుమస్తా. ముందు నాన్న లేచాడు.

"బావూ, మా కప్ప కప్ప కాదండీ. కప్ప."

"ఏ కప్ప?"

"కప్పేనండీ."

"కప్పే అయినప్పుడు కప్ప కాదని ఎట్లందురు?"

"అది ఆ కప్ప కాదు బావూ. ఉట్టి కప్ప."

"ఉట్టి కప్ప," అని గుమస్తా రాసుకున్నాడు. "నాలుగో రకమా అండి?"

ఆ తర్వాత లేచిన వాళ్ళంతా అదే మాట చెప్పారు. చెప్పిన కొద్దీ కప్పలు పెరిగాయి. చివరికి మా తెలుగు మేష్టారు నన్ను ముందుకు తోశారు. పుస్తకాల మాట నువ్వు చెప్పు అన్నారు. చూపు బల్ల కాళ్ళ మీద పెట్టుకుని చెప్పాను.

"సార్, మా ఊళ్ళో కప్ప అంటే తాళం. చెవి అంటే తాళంచెవి."

అమ్మ మా ఇత్తడి కప్పను తెచ్చి బల్ల మీద పెట్టింది. సమన్వయం బాబు దాన్ని చేతిలోకి తీసుకుని నొక్కారు. టక్కుమంది. ఆయన ముఖంలో రంగు మారడం నాకు కనిపించింది. బల్ల మీదుగా వంగి, నాకు మాత్రమే వినిపించేలా అన్నారు.

"నాకు అర్థమైంది తల్లీ. కానీ నివేదికకు అర్థం కాదు. అది పైకి వెళ్ళిపోయింది. దాని మీద నాకు శాలువా కూడా కప్పారు. ఇప్పుడు ఇది తాళమైతే నేనేమవుతాను?"

తర్వాత నిటారుగా కూర్చుని గుమస్తాకు గట్టిగా చెప్పారు. "నమోదు చేయుడు. కప్పలకు తాళములు వేయుచున్నట్లు గ్రామవాసియే అంగీకరించినది. తాళమును, చెవులు రెండింటిని స్వాధీనపరచుకోవడమైనది."

ఆ రోజు డైరీలో 'ఇక మాట్లాడను' అని ఒక్క ముక్క రాసుకుని పడుకున్నాను.

అయితే ప్రభుత్వం మమ్మల్ని పూర్తిగా వదిలేయలేదు. తమ కప్పను తెచ్చి అప్పగించిన వారికి వెంటనే కప్పు మంజూరు చేస్తామని చెప్పింది. అప్పగించిన కప్పలు సుఖంగా ఉండడానికి ఉభయచర ప్రసూతి, సంరక్షణ కేంద్రం కట్టాలని నిర్ణయించింది. ఊళ్ళో ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం పల్లం ఒక్కటే. లారీలతో గ్రావెల్ తెచ్చి పల్లాన్ని పూడ్చి, రోలరుతో తొక్కించి, దాని మీద కేంద్రం కట్టారు. మా ఇంటికి రావలసిన మేస్త్రీయే అక్కడ స్లాబు వేశాడు. మా నాన్న అక్కడికే కూలికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి మా గోడల మధ్య పడుకుని, చుక్కలు చూస్తూ, స్లాబు భలే కుదిరిందని చెప్పాడు.

"కప్పకి వాన నేరుగా పడాలన్నారు గదా. మరి దానికి కప్పెందుకు?" అని అమ్మ అడిగింది.

"నానూ అడిగినాను. సిబ్బంది తడిసిపోకుండాననీసి సెప్పినారు."

కేంద్రంలో నున్నటి టైల్సు, ట్యూబులైట్లు, ఫ్యాన్లు, వేడినీళ్ళ గది. కాపలాకు గురువులు అనే మా ఊరి మామయ్యను పెట్టారు. రోజూ సాయంత్రం ఆయన ఆఫీసుకు ఫోను చేసి, ఏ జీవి వచ్చిందో, ఎన్ని పిల్లల్ని పెట్టిందో చెప్పాలి. రోజూ ఆయన ఏమీ లేదనే చెప్పేవాడు. కప్ప ఒక్కటీ రాలేదు. సూరమ్మ మామ్మ ఎవరి దగ్గరో ఒక తాళం అడిగి తెచ్చి, ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసి తీసుకెళ్ళింది. చలనం లేదని వెనక్కి పంపేశారు.

"కొత్త సోటు గదా," అంది మామ్మ. "బెదిరిపోయింది."

తర్వాత వానలు మొదలయ్యాయి. చిటికె కప్పలు ఎప్పటిలాగే పల్లం చుట్టుపక్కల నేలలోంచి లేచి పల్లానికి బయలుదేరాయి. పల్లం లేదు. రాయిలా గట్టిపడిన గ్రావెల్, దాని మీద టైల్సు. అవి కాసేపు కేంద్రం గోడ చుట్టూ తిరిగి, నీళ్ళ వాసన పట్టి మెరక ఎక్కాయి. మెరక మీద పైకప్పు లేని మా ఇళ్ళున్నాయి. నాలుగు గోడల మధ్య మోకాలి లోతు నీళ్ళు, పైనుంచి నేరుగా వాన. నిపుణులు చెప్పినట్టే అవి అక్కడ స్థిరపడ్డాయి. పట్టి అప్పగిద్దామంటే చేతికి చిక్కేవి కావు. సర్వే ఇన్నాళ్ళకు నిజమైంది.

నీళ్ళలో ఇటుకలు పేర్చి, వాటి మీద మంచం వేసి, మంచం మీద పొయ్యి పెట్టి అమ్మ వంట చేస్తుండగా పారమ్మ గారి ఫోను వచ్చింది. నేను ఫోనును అమ్మ చెవి దగ్గర పట్టుకున్నాను. వాన హోరులో ఆవిడ అరుపు నాకూ వినిపించింది.

"వదినా! కప్పు పడ్డాదా?"

సరిగ్గా అప్పుడే గోడ మీంచి ఒక చిటికె కప్ప గెంతింది.

"పడ్డాది, పడ్డాది!" అని అమ్మ కేక పెట్టింది. "కప్ప పడ్డాది వదినా! అన్నంలో పడ్డాది!"

ఫోను తెగిపోయింది. అమ్మ అబద్ధమాడలేదు. సగం మాటను వాన తడిపేసింది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఆటో దిగి, నిండు చూలాలైన అప్పను నడిపించుకుంటూ పారమ్మ గారు వచ్చారు. మా గుమ్మంలో అడుగుపెట్టి తలెత్తి చూశారు. ముఖం మీద వాన పడింది.

"వదినా, కప్పేది?"

అమ్మ అలవాటు కొద్దీ గోడ మీది కప్పను చూపించింది.

పారమ్మ గారు ఏమి అనేవారో గానీ, అనడానికి వీలు లేకపోయింది. అప్ప గోడ పట్టుకుని వంగిపోయింది. నెప్పులు మొదలయ్యాయి. నాన్న ఆటో కోసం పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చాడు. గెడ్డ పొంగింది. ఆటో అవతలికి దాటిపోయింది, ఆసుపత్రి బండి అవతలే ఆగిపోయింది. ఊళ్ళో మిగిలిన గుడిసెలు కారుతున్నాయి, బడి వరండాలో నీళ్ళు. పొడిగా ఉన్న కప్పు ఒక్కటే ఉంది. అప్పను కుర్చీలో కూర్చోబెట్టి, నాన్న, సూరమ్మ మామ్మ కొడుకు అటూ ఇటూ పట్టుకుని కేంద్రానికి మోశారు.

గురువులు మామయ్య గేటుకు అడ్డం నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్ళో జీతం వచ్చే ఉద్యోగం అదొక్కటే.

"నాకు మాటొచ్చీత్తాది బావా. బోర్డు సూడు."

బోర్డు మీద ఇలా ఉంది: గర్భముతో నున్న ఆడ జీవులకు తప్ప ఇతరులకు ప్రవేశము లేదు.

పారమ్మ గారు బోర్డును ఎవరితో చదివించుకున్నారో నాకు గుర్తు లేదు, బహుశా నేనే చదివానేమో. విని, గొడుగు పక్కన పడేసి ముందుకొచ్చారు.

"ఇది ఆడది కాదేటి?"

"ఆడదే."

"గర్భం నేదేటి?"

"కనబడతంది గదా."

"జీవి కాదేటి? నా కోడలు జీవి కాదని నీ నోటితో సెప్పు, ఎల్లిపోతాను."

గురువులు మామయ్య బోర్డును మరోసారి కూడబలుక్కుని చదివాడు. ఎక్కడా తప్పు కనిపించలేదు. గేటు తీశాడు.

ఆశా కార్యకర్త నూకాలమ్మ నడుం లోతు నీళ్ళలో వచ్చి చేరింది. వేడినీళ్ళ గది పనికొచ్చింది, ట్యూబులైట్లు పనికొచ్చాయి. బయట మా ఇళ్ళ వైపు నుంచి వందల చిటికెలు వినిపిస్తుంటే, లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. పారమ్మ గారు బయటికొచ్చి అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "ఆడపిల్ల వదినా. కప్పు కిందే పుట్టింది," అన్నారు. తర్వాత ఇద్దరూ కలిసి ఏడ్చారు.

సాయంత్రమైంది. గురువులు మామయ్య రోజూలాగే ఆఫీసుకు ఫోను చేశాడు. ఉద్యోగ ధర్మం ప్రకారం జరిగింది జరిగినట్టు చెప్పాడు. "ఒక ఆడ జీవి వచ్చినాది. ఒక పిల్లని కన్నాది. ఆడపిల్ల. బరువు మూడు కేజీలు. తల్లీపిల్లా సేమం."

కేంద్రంలో తొలి సంతానోత్పత్తి విజయవంతం అని ఆ వార్త మర్నాడు ఎక్కడెక్కడికో వెళ్ళింది. గెడ్డ తగ్గగానే సమన్వయం బాబు దండలు, ఫొటోగ్రాఫరు, మిఠాయి పెట్టెతో వచ్చారు. తలుపు తీస్తే లోపల మా అప్ప కాయం ఉండ తింటూ కూర్చుని ఉంది. పక్కన పసిబిడ్డ. సమన్వయం బాబు దండ పట్టుకున్న చేతిని దించలేదు. ఎవరికి వెయ్యాలో ఆలోచించుకుంటున్నట్టున్నారు.

"ఉభయచరము అనగా నీటియందును, నేలయందును జీవించునది," అన్నారు చివరికి నెమ్మదిగా. "మీ నివాసము ఎక్కడ?"

"వాన పడితే నీళ్ళలో బావూ," అంది అమ్మ. "ఎండితే నేల మీద."

"అట్లయిన నిర్వచనము వర్తించును." దండను అప్ప మెడలో వేసి ఫొటో తీయించుకున్నారు.

అంతటితో సర్దుకుపోయేది. కానీ పై ఆఫీసు నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. పిల్లకు తోక ఎప్పుడు రాలినది? తల్లికి చెవులు ఉన్నవా, కోయబడినవా? ఆ రెండో రోజే సమన్వయం బాబుకు జ్వరం వచ్చింది. మూడో రోజున మళ్ళీ సర్వేకు ఆదేశమిచ్చారు.

అదే అబ్బాయి, అదే ట్యాబ్, అవే నల్ల బూట్లు. ఈసారి ఊరంతా సిద్ధంగా ఉంది. సూరమ్మ మామ్మకు కూడా ఒకే మాట నేర్పించారు.

"మీ ఇంటికి కప్ప ఉందామ్మా?"

"నేదు బాబూ," అంది అమ్మ. "లాకుంది."

"ఇదివరకు ఉందన్నారు?"

"పోయింది."

అమ్మ వెనక నీళ్ళలోంచి టక్, టక్, టక్ మని వినిపించింది. అబ్బాయి తల వంచి విన్నాడు. "ఏంటమ్మా ఆ శబ్దం?"

అప్ప బిడ్డను ఒడిలో పెట్టుకుని గుమ్మం పక్కన కూర్చుని ఉంది. అమ్మ గబుక్కున బిడ్డ ముఖం ముందు చిటికెలు వేసింది. "పిల్లని ఆడిత్తన్నాం బాబూ."

అప్పుడు నీళ్ళలోంచి ఒక చిటికె కప్ప గడప ఎక్కింది. గడప మీంచి గెంతి అతని నల్ల బూటు మీద కూర్చుంది. వీపు మీద పసుపు గీత తళతళలాడుతోంది. అతను ట్యాబ్‌లో చూసుకుంటున్నాడు. నాకు నోటి దాకా మాట వచ్చింది. అప్ప బిడ్డకు చెంగు కప్పుతూ పైకి చూసింది. పైన మబ్బు నల్లగా ఉంది. నేను నోరు మూసుకున్నాను. అతను 'లేదు' మీద నొక్కాడు. కప్ప బూటు మీంచి దిగి వెళ్ళిపోయింది.

చిటికె కప్ప ఈ ప్రాంతం నుంచి పూర్తిగా అంతరించిపోయిందని నివేదిక తేల్చింది. కాబట్టి కప్పులు వేసుకోవచ్చు. ఈ సంగతి చెప్పడానికి సమన్వయం బాబు నల్ల బ్యాడ్జీ పెట్టుకుని వచ్చారు. మా కాలనీ మధ్యలో మైకు పెట్టారు.

"మన నిర్లక్ష్యము వలన ఒక అపురూపమైన జీవజాతిని కోల్పోయితిమి. దాని స్మృతికై అందరును ఒక నిమిషము మౌనము పాటించవలెను."

అందరం లేచి తలలు వంచుకున్నాం. ఊరు ఊరంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ప్రతి ఇంట్లోంచీ, ప్రతి గోడ వెనక నుంచీ చిటికెలు మొదలయ్యాయి. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని.

సమన్వయం బాబు కళ్ళు తెరిచి మైకులో గద్దించారు.

"ఎవరది చిటికెలు వేస్తున్నది? మౌనం పాటించండి!"

వానకు తెరిపి రాగానే మా ఇంటికి స్లాబు పడింది. నీళ్ళు తోడిపోశాం. కప్పలు కొన్ని రోజులు గోడల వెంట తిరిగాయి. పల్లం వైపు వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాయి. ఒక రోజు నుంచి చప్పుడు లేదు. అప్ప మాత్రం కొత్త కప్పు కింద మూడో నెల వచ్చేదాకా ఉండి, పిల్లతో అత్తగారింటికి వెళ్ళింది. ఆ పిల్లకు ఉయ్యాల ఊపినా నిద్ర రాదు, పాట పాడినా రాదు. చెవి దగ్గర మెల్లగా చిటికెలు వేస్తే నిద్రపోతుంది. అలా నిద్రపుచ్చడం మా ఇంట్లో నాకే చేతనయ్యేది.

జీవులు లేవు కాబట్టి కేంద్రాన్ని మూసేశారు. గురువులు మామయ్య ఉద్యోగం పోయింది. ఇప్పుడు మా ఊరి మొత్తానికి అధికారికంగా మిగిలింది ఒకే ఒక్క కప్ప. ఇత్తడిది, మా అమ్మ పిడికిలంత. అది కేంద్రం గేటుకు వేలాడుతోంది. అమ్మ దాన్ని చూడగానే గుర్తుపట్టింది, మాదే. చెవులు రెండూ పై ఆఫీసులో ఉన్నాయట. మా మాట వినబడిన రోజున తెరుస్తారు కాబోలు.